పాత కారులో కూలెంట్ తగ్గిపోతోందా? లీకు పట్టుకుని సరిచేసుకునే పద్ధతి

రిజర్వ్ ట్యాంకులో కూలెంట్ (ఇంజన్‌ని చల్లగా ఉంచే ద్రవం) మినిమమ్ గీత కిందికి దిగింది, పోశారు, కొన్ని రోజులకే మళ్లీ దిగింది. ఇక అనుమానం అక్కర్లేదు, ఎక్కడో పోతోంది. కూలింగ్ సిస్టమ్ అన్ని వైపులా మూసి ఉంటుంది. పాత ఇంజన్ కొంచెం ఆయిల్ తాగడం మామూలే గానీ కూలెంట్ తాగకూడదు, ఒకవేళ తాగుతోందంటే అది పెద్ద సమస్యే, దాని సంగతి కింద చెప్తాను.

ఇలాంటప్పుడు చాలామంది రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. కొందరు కుళాయి నీళ్లు పోసుకుంటూ నెట్టుకొచ్చేస్తారు. కొందరు ఎవరో అన్నారని రేడియేటర్ మార్చేస్తారు, అయినా ఆగలేదని వాటర్ పంప్ మార్చేస్తారు, తీరా చూస్తే వదులైన క్లిప్పు దగ్గర కారుతూ ఉంటుంది. రెండూ నష్టమే. నీళ్లు పోసిన కొద్దీ కూలెంట్ పలచబడి లోపల తుప్పు మొదలవుతుంది, అంచనాగా పార్టులు మారిస్తే డబ్బు పోతుంది, లీకు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: లీకయ్యే చోటు కళ్లతో చూసేదాకా ఒక్క పార్టు కూడా కొనకండి. కింద రాసినదాంట్లో ఎక్కువ భాగం వెతకడం గురించే, ఎందుకంటే చోటు దొరికాక విప్పి బిగించడం చాలావరకు మామూలు పనే.

మొదలుపెట్టే ముందు

వేడిగా ఉన్న ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయకండి. ఇది ప్రెషర్ కుక్కర్ లాంటి వ్యవహారం: మూతలోని స్ప్రింగ్ ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టే లోపలున్నది 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపిన మిశ్రమం మామూలుగా దాదాపు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అదే 15 పీఎస్ఐ మూత కింద ఉంటే ఇంచుమించు 129 డిగ్రీల దాకా ఆగుతుంది. ఆ వేడిలో మూత తిప్పారంటే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, లోపలిది ఆవిరిగా మారుతూ మొహం మీదికి చిమ్ముతుంది. ఇంజన్ ఆపి బాగా చల్లారనివ్వండి. రేడియేటర్‌కి వెళ్లే పై హోస్‌ని గుడ్డతో పట్టుకుని నొక్కండి, మెత్తగా లొంగితేనే మూత జోలికి వెళ్లండి.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న కార్లలో కొన్నిటికి తాళంచెవి తీసేశాక కూడా ఫ్యాన్ తనంతట తానే తిరుగుతుంది. చేతులు ఆ చుట్టుపక్కల పెట్టేముందు ఫ్యాన్ ప్లగ్ ఊడదీయండి. కారు కిందికి వెళ్లాలంటే జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, స్టాండ్లు పెట్టాలి. ఇంకోటి, కూలెంట్‌లో ఎక్కువగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, అది విషం, పైగా రుచికి తియ్యగా ఉంటుంది. కుక్కలూ పిల్లులూ నాకేస్తాయి, చిన్నపిల్లలు చెయ్యి పెట్టి నోట్లో పెట్టుకుంటారు. ఒలికింది ఒలికినట్టే తుడిచి కడిగేయండి, పట్టిన గిన్నెను మూత లేకుండా వదలకండి.

కారేది కూలెంటేనా?

రాత్రి కారు ఆపిన చోట ఇంజన్ కింద ఒక పెద్ద అట్ట పరిచి పొద్దున చూడండి. ఏసీ వాడి వచ్చాక కింద పడే నీళ్లకి రంగు, వాసన ఉండవు, వేళ్ల మధ్య రుద్దితే వట్టి నీళ్లే, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. కూలెంట్‌కి ఆకుపచ్చో, గులాబీ రంగో, నారింజో, ఎరుపో, నీలమో, ఏదో ఒక రంగు ఉంటుంది, వేళ్లకి కాస్త జారుడుగా తగులుతుంది, తియ్యటి వాసన వస్తుంది, నీళ్లతో కడిగితే పోతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ కూడా ఎర్రగానే ఉంటుంది కాబట్టి ఎరుపు కనిపిస్తే తొందరపడకండి, నీళ్లతో పోతుందో జిడ్డుగా మిగులుతుందో చూడండి. ముట్టుకున్న చెయ్యి సబ్బుతో కడుక్కోండి.

అట్ట మీద మరక ఎక్కడ పడిందో అది సుమారు గుర్తు మాత్రమే. పైన కారింది బ్రాకెట్ల మీదుగా, బెల్టు కవర్ మీదుగా జారి మరోచోట చుక్కగా పడుతుంది, ఫ్యాన్ గాలికి వెనక్కి చెదురుతుంది కూడా. కాబట్టి కింద తడి చూసి అక్కడి పార్టే పోయిందనుకోవద్దు. తడి వెంట పైకి వెళ్లండి, అన్నిటికన్నా పైన ఎక్కడ తడి ఉందో అది అసలు చోటు.

అట్ట శుభ్రంగా ఉన్నా కూలెంట్ తగ్గుతోందంటే మూడు అవకాశాలున్నాయి: వేడి ఇంజన్ మీద చిన్నగా కారి కింద పడేలోపే ఆరిపోతోంది, లేదా కారు లోపలికి హీటర్ దగ్గర కారుతోంది, లేదా ఇంజన్ లోపలే పోతోంది.

టార్చి పట్టుకుని చూడాల్సిన చోట్లు

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మంచి టార్చి, ఒక చిన్న అద్దం తీసుకుని బానెట్ కింద నెమ్మదిగా చూసుకుంటూ వెళ్లండి. మీరు వెతికేది తడి కోసమే కాదు, కూలెంట్ ఆరిపోయాక మిగిలే మరక కోసం కూడా. తెల్లటి పొడిలాగో, పాత ఆకుపచ్చ పొట్టులాగో పేరుకుని, కారిన దారి పొడుగునా గీతలా ఉంటుంది. పాత కార్లలో దుమ్ము, ఆయిల్ జిడ్డు పట్టి ఉంటే ఈ మరక కనపడదు, కాబట్టి ముందు ఆ భాగాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచేసి ఒకటి రెండు రోజులు నడిపి మళ్లీ చూడటం మంచిది.

హోస్‌ల చివర్లతో మొదలుపెట్టండి. పై హోస్, కింది హోస్, హీటర్‌కి వెళ్లే రెండు సన్న హోస్‌లు, ఇవి కాక చాలా ఇంజన్లలో థ్రాటిల్ బాడీకి, వాటర్ పంప్ బైపాస్‌కి వెళ్లే చిన్న చిన్న ముక్కలుంటాయి, అవి ఎవరి కంటా పడవు, పాత కార్లలో పగిలేవి మాత్రం తరచూ అవే. ప్రతి హోస్‌నీ నొక్కి చూడండి. రబ్బరు గట్టిపడి చిటపటలాడితే లోపల పగుళ్లు వచ్చినట్టు, మరీ మెత్తబడి ఉబ్బితే ఆయిల్ తగిలి పాడైనట్టు. క్లిప్పు దగ్గర వేలు పెట్టి కింది వైపు తడిమి చూడండి, పైనుంచి పొడిగా కనిపించే జాయింట్ కింద తడిగా ఉంటుంది.

తర్వాత రేడియేటర్. ఎక్కువ కార్లలో రేడియేటర్ మధ్యలో అల్యూమినియం జాలీ, రెండు చివర్లా ప్లాస్టిక్ ట్యాంకులు ఉంటాయి, ఆ ట్యాంకుని అల్యూమినియం అంచు మడిచి రబ్బరు గ్యాస్కెట్‌తో పట్టి ఉంచుతారు. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి ప్లాస్టిక్ పెళుసై, ఆ మడత వెంటో, హోస్ తొడిగే ముక్కు మొదట్లోనో వెంట్రుక మందం చీలిక వస్తుంది. ఇంజన్ చల్లగా ఉంటే ఆ చీలిక మూసుకునే ఉంటుంది, వేడెక్కి ఒత్తిడి వచ్చాకే తెరుచుకుంటుంది. అందుకే ఇది దొంగ లీకు.

వాటర్ పంప్‌కి పుల్లీ వెనకాల, షాఫ్ట్ కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది, అగ్గిపుల్ల పట్టేంత. పంప్ లోపలి సీల్ అరిగితే కూలెంట్ బేరింగ్‌లోకి పోకుండా బయటికి వచ్చేయాలని కావాలనే పెట్టిన రంధ్రం అది. అద్దం పెట్టి, టార్చి వెలుగు దాని మీద పడేలా చూడండి: చుట్టూ పొడి మరక మాత్రమే ఉంటే గమనిస్తూ ఉండండి, అక్కణ్నుంచి చుక్క దిగుతోందంటే పంప్ అయిపోయింది. ఆ రంధ్రాన్ని సీలెంట్‌తో మూసేసే వాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి, మూస్తే కూలెంట్ బేరింగ్‌లోకి వెళ్లి పంప్ మొత్తం పట్టేస్తుంది, బెల్టు కూడా తెగుతుంది. బెల్టు తీసి ఉంటే పుల్లీ పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి, ఆట ఉండకూడదు.

థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాకే రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వ్) కూర్చునే హౌసింగ్ జాయింట్ చూడండి, ప్లాస్టిక్‌ది అయితే వంకర తిరిగి అంచులో కారుతుంది. ఇంజన్ బ్లాక్ పక్కన నాణేల్లా గుండ్రంగా కొట్టి ఉండే రేకు ప్లగ్గులు తుప్పు పట్టి సన్నటి రంధ్రం పడతాయి, ఏళ్లపాటు వట్టి నీళ్లతో నడిచిన కార్లలో ఇవి మొదట చూడాలి. రిజర్వ్ ట్యాంక్ అడుగున అతుకు, దాని పైపు కూడా వదలకండి.

మూతని ఎవరూ అనుమానించరు. దాని రబ్బరు వాచర్ పగిలినా, స్ప్రింగ్ నీరసించినా ఒత్తిడి నిలవక కూలెంట్ ముందుగానే మరిగి రిజర్వ్ ట్యాంకులోంచి పొంగి పోతుంది. మూతలో చిన్న వాల్వ్ ఇంకోటి ఉంటుంది, ఇంజన్ చల్లారేటప్పుడు ట్యాంకులోంచి కూలెంట్‌ని వెనక్కి లాక్కోనిచ్చేది అదే. చల్లారాక పై హోస్ లోపలికి పీక్కుపోయి చప్పిడిగా కనిపిస్తే ఆ వాల్వ్ పనిచేయట్లేదని అర్థం.

ప్రెషర్ టెస్ట్: అసలు సమాధానం ఇక్కడ దొరుకుతుంది

కంటితో దొరక్కపోతే కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్టర్ తెచ్చుకోండి. మీటరు ఉన్న చిన్న చేతి పంపు, దాంతోపాటు రకరకాల మూతలకి సరిపోయే అడాప్టర్లు వస్తాయి. అద్దెకో, తెలిసిన మెకానిక్ దగ్గర కాసేపటికో దొరికినా చాలు. ఇంజన్ ఆపి చల్లగా ఉన్నప్పుడే ఒత్తిడి పెట్టి చూడొచ్చు కాబట్టి వేడి గొడవ లేదు, ఫ్యాన్ గొడవ లేదు, కారింది ఆరిపోయే గొడవ కూడా లేదు.

రేడియేటర్ నిండుగా ఉండేలా పోసి, మూత స్థానంలో టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా మాత్రమే పంపు కొట్టండి. మూత మీద 13 అనో 16 అనో పీఎస్ఐలో ఉంటుంది, లేదా 0.9, 1.1 అని బార్‌లో ఉంటుంది. అంతకు మించి కొడితే బాగున్న పాత హోస్ కూడా పోతుంది. ఒక పావుగంట వదిలేయండి. ముల్లు కదలకపోతే అప్పటికి లీకు లేదు. ముల్లు పడుతుంటే చెవి పెట్టి వినండి, సన్నగా బుస్సుమనే చప్పుడు వస్తుంది, టార్చితో పైన చెప్పిన చోట్లన్నీ మళ్లీ ఒక చుట్టు తిరగండి. హోస్‌లని చేత్తో కదుపుతూ చూడండి, కొన్ని జాయింట్లు కదిలితేనే కారతాయి. అడాప్టర్ ఉంటే మూతని కూడా విడిగా టెస్ట్ చేయండి, దాని మీద రాసినంత ఒత్తిడి పట్టలేకపోతే అది పోయినట్టే.

టెస్టర్ దొరక్కపోతే ఇంజన్‌ని పూర్తిగా వేడెక్కనిచ్చి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాక, ఇంజన్ ఆపేసి వెంటనే చూడండి. ఇంజన్ ఆగగానే పంప్ ఆగుతుంది, బ్లాకులో ఉన్న వేడంతా కదలని కూలెంట్‌కి ఎక్కి కొద్ది నిమిషాలు ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, చాలా లీకులు ఆ కాసేపట్లోనే బయటపడతాయి. మూత ముట్టుకోవద్దు, దూరం నుంచి టార్చి కొట్టి చూడటమే. మరీ మొండి లీకైతే కూలెంట్‌లో కలిపే యూవీ డై ఉంది, కలిపి కొన్ని రోజులు నడిపి, చీకట్లో యూవీ టార్చి వేస్తే కారిన దారి మెరుస్తుంది.

ముల్లు పడుతోంది, బయట చుక్క లేదు

ముందు హీటర్ కోర్. డాష్‌బోర్డ్ లోపల ఉండే చిన్న రేడియేటర్ అది. కార్లో తియ్యటి వాసన, హీటర్ వేస్తే ముందు అద్దం లోపలి వైపు తుడిచినా పోని జిడ్డు మంచు, కాళ్ల దగ్గర మ్యాట్ కింద తడి ఉంటే అదే. మార్చడానికి చాలా కార్లలో డాష్‌బోర్డ్ విప్పాలి, ఓపిక కావాల్సిన పని. అప్పటిదాకా ఇంజన్ దగ్గర రెండు హీటర్ హోస్‌లనీ ఒక జాయింట్ పైపుతో ఒకదానికొకటి కలిపేస్తే హీటర్ ఉండదు గానీ కారు నడుస్తుంది.

హీటర్ కాకపోతే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకీ దాని పైనుండే హెడ్‌కీ మధ్య ఉండే సీలు, గుర్తుకు రావాలి. ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి దట్టమైన తెల్ల పొగ తియ్యటి వాసనతో ఆగకుండా వస్తుంటే, ఆయిల్ డిప్‌స్టిక్ మీద లేత గోధుమ రంగు నురగ ఉంటే, స్టార్ట్ చేసిన నిమిషానికే ఇంకా చల్లగా ఉన్న పై హోస్ రాయిలా గట్టిపడితే అనుమానం బలపడుతుంది. ఆయిల్ మూత కింద కొంచెం నురగ చలికాలంలో దగ్గర దగ్గర తిరిగే కార్లకి కూడా వస్తుంది, కాబట్టి ఆ ఒక్కటీ చూసి ఇంజన్ విప్పేయకండి. చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేసి చూడండి: మొదట్లో వచ్చే నాలుగు బుడగలు లోపల చిక్కుకున్న గాలి కావచ్చు, వస్తూనే ఉంటే సిలిండర్లలోని గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందని. కచ్చితంగా తేల్చుకోవాలంటే బ్లాక్ టెస్టర్ వాడాలి, రేడియేటర్ నోట్లోని గాలిని నీలం రంగు ద్రవంలోంచి లాగితే ఆ ద్రవం పసుపుగా మారుతుంది. మారితే ఇక కారు నడపకండి. కూలెంట్ సిలిండర్లో చేరి ఉంటే స్టార్ట్ చేసేటప్పుడే పిస్టన్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. ఇది ఇంజన్ హెడ్ దించి, వంకర లేకుండా సమంగా ఉందో చూసి చేసే పని, అనుభవం ఉన్న చేతికే ఇవ్వండి.

దొరికిందాన్ని సరిచేయడం

ముందు రేడియేటర్ అడుగున డ్రెయిన్ ప్లగ్ వదులు చేసి శుభ్రమైన గిన్నెలో కూలెంట్ పట్టండి. ప్లాస్టిక్ ప్లగ్ అయితే బలం వాడకండి, రాకపోతే కింది హోస్ ఊడదీసినా సరిపోతుంది.

హోస్ ఎంతకీ రాకపోతే స్క్రూడ్రైవర్ పెట్టి పొడిచి లాగవద్దు, ప్లాస్టిక్ ముక్కు విరిగితే రేడియేటర్ మొత్తం మార్చాలి. గుండ్రంగా తిప్పి అతుకు వదిలించండి, అప్పటికీ రాకపోతే పాత హోస్‌ని ముక్కుకి గీత పడకుండా పొడుగ్గా కోసేయండి. ముక్కు లోహంది అయితే పేరుకున్న తెల్ల పొట్టుని సన్నటి ఎమెరీ పేపర్‌తో నున్నగా చేయండి, కొత్త హోస్ వేసినా కారడానికి చాలాసార్లు ఆ పొట్టే కారణం. ఎక్కించడానికి గ్రీజు, ఆయిల్ రాయకండి, రబ్బరు ఉబ్బుతుంది, కాస్త కూలెంట్ రాస్తే చాలు. క్లిప్పు ముక్కు చివర ఉండే ఉబ్బుకి లోపలి వైపు కూర్చోవాలి, ఉబ్బు మీద పడితే వేడెక్కగానే జారుతుంది. కారు కంపెనీ వేసిన స్ప్రింగ్ క్లిప్పు బాగుంటే అదే మళ్లీ వాడండి, రబ్బరు సాగినా కుదించుకున్నా అది పట్టు వదలదు.

రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు చీలితే ఎపాక్సీ పూత ఇంటికి చేరేదాకా పనికొస్తుందేమో గానీ నిలవదు, రేడియేటర్ మార్చడమే. ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్ పైపులు కూడా దానికే ఉంటాయి, వాటిని విప్పాక చివర్లు మూసి ఉంచండి, తర్వాత ఆ ఆయిల్ లెవెల్ చూడండి.

వాటర్ పంప్ టైమింగ్ బెల్టుతో తిరిగే రకమైతే బెల్టు, టెన్షనర్ కూడా అప్పుడే మార్చేయండి, విప్పే శ్రమ ఒక్కటే కదా. అలవాటు లేకపోతే టైమింగ్ జోలికి సొంతంగా వెళ్లొద్దు, ఒక పన్ను తప్పినా చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్‌కి తగులుతాయి. బయటి బెల్టుతో తిరిగే పంప్ అయితే ఇంట్లో చేసుకోవచ్చు. పాత గ్యాస్కెట్ ముక్కలన్నీ అల్యూమినియం గీసుకుపోకుండా గీకి తీసేయండి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. పంప్, థర్మోస్టాట్ బోల్టులు చాలావరకు 6 మిల్లీమీటర్ల సన్న బోల్టులే, వాటికి మామూలుగా 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకె చూసుకోండి. గట్టిగా బిగిస్తే అల్యూమినియంలో మరలు ఊడిపోతాయి. థర్మోస్టాట్ అంచున బుల్లి గాలి వాల్వ్ ఉంటే అది సాధారణంగా పైకి ఉండేలా పెట్టాలి.

పోస్తే లీకు ఆగిపోతుందని అమ్మే పొడులు, ద్రవాలు నేను వాడమని చెప్పను. దారిలో చిక్కుకుపోయినప్పుడు వేరే మార్గం లేకపోతే సరే, లేకుంటే అవి లీకుతో పాటు హీటర్ కోర్‌లోని సన్న గొట్టాలనీ పూడ్చేస్తాయి. హోస్ చీలిందా, తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపు సాగదీస్తూ చుట్టండి, హీటర్‌కి ఏ హానీ లేకుండా ఇల్లు చేరుస్తుంది.

నింపడం, గాలి తీయడం

రంగు చూసి కూలెంట్ కొనకండి, రంగుకి ప్రమాణం అంటూ ఏదీ లేదు. మాన్యువల్‌లో ఏ రకం అని రాసుందో అదే కొనండి. వేరు వేరు రకాలు కలిస్తే కొన్ని గడ్డకట్టి గొట్టాలు మూస్తాయి. గాఢమైన కూలెంట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం, కలిపి అమ్మేదైతే అలాగే పోయాలి. సగం సగం మిశ్రమం దాదాపు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, తుప్పు ఆపే మందులు కూడా సరైన పాళ్లలో ఉంటాయి. ఇంజన్ వేడిగా ఉండగా చన్నీళ్లు పోస్తే హెడ్ పగలొచ్చు, కాబట్టి చల్లారాకే.

గాలి చిక్కుకుపోతే లీకు లేకపోయినా కారు హీటెక్కుతుంది. ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా కారు పెట్టి, హీటర్ ఫుల్ వేడిలో ఉంచి, బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలే స్క్రూ) ఉంటే వదులు చేసి, బుడగలు లేకుండా కూలెంట్ వచ్చేదాకా నెమ్మదిగా పోయండి. రేడియేటర్‌కి సొంత మూత ఉన్న కార్లలో మూత తీసే ఇంజన్ స్టార్ట్ చేసి, పై హోస్ చల్లగా ఉన్నంతసేపు మధ్య మధ్యలో దాన్ని పిసుకుతూ, లెవెల్ దిగినప్పుడల్లా పోస్తూ ఉండండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే, అంటే చాలా కార్లలో 82 నుంచి 90 డిగ్రీల మధ్య, పై హోస్ వేడెక్కి లెవెల్ ఒక్కసారిగా దిగుతుంది, అప్పుడు నింపి మూత పెట్టేయండి. హీటర్ నుంచి వేడి గాలి నిలకడగా రావాలి, ఒకసారి వేడి ఒకసారి చల్లన వస్తుంటే లోపల ఇంకా గాలి ఉంది.

మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ మీద లెవెల్ చూడండి, కొంచెం తగ్గి ఉంటుంది, పోయండి. ఒక వారం పాటు రోజూ చూస్తూ ఉండండి. స్క్రూ క్లిప్పులు వేసుంటే రెండు మూడుసార్లు వేడెక్కి చల్లారాక రబ్బరు సర్దుకుని కాస్త వదులవుతాయి, ఒక పావు చుట్టు బిగించండి. నడిపేటప్పుడు టెంపరేచర్ ముల్లుని పూర్తిగా నమ్మకండి, కూలెంట్ బాగా కారిపోతే సెన్సర్ గాలిలో ఉండిపోయి ముల్లు మామూలుగానో, ఇంకా కిందికో చూపిస్తుంది. హీటర్ ఉన్నట్టుండి చల్లగాలి కొట్టిందా, పక్కకి ఆపి ఇంజన్ ఆపేయండి. పట్టిన పాత కూలెంట్‌ని కాలువలోనో మట్టిలోనో పోయకుండా సీసాలో బిగించి, వాడేసిన ఆయిల్, కూలెంట్ తీసుకునే చోట ఇచ్చేయండి.